బోర్డర్ కోలీని ఇంటికి తెస్తున్నారా? పరుగొక్కటే చాలదు, పని చెప్పండి

బోర్డర్ కోలీని చూసి ముచ్చటపడని వాళ్లు తక్కువ. నలుపు తెలుపు బొచ్చు, చెప్పింది చెప్పినట్టు చేసే తెలివి, వీడియోల్లో చేసే విన్యాసాలు చూస్తే ఎవరికైనా ఒకటి తెచ్చుకోవాలనిపిస్తుంది. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలోకి కూడా ఈ జాతి వచ్చేసింది. అలాగే "ఏడాది నిండింది, ఇక మా వల్ల కావట్లేదు, మంచి ఇల్లు ఉంటే చెప్పండి" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరిగే జాతుల్లోనూ ఇదొకటి.

అలా ఇచ్చేసేవాళ్లంతా పట్టించుకోనివాళ్లేం కాదు. రోజూ గంటసేపు నడిపించినవాళ్లు, బంతి విసిరి విసిరి భుజం నొప్పి తెచ్చుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. కుక్క అలిసిపోయేదాకా పరుగెత్తిస్తే ఇంట్లో బుద్ధిగా పడుంటుందని అనుకున్నారు, అంతే. ఈ జాతి దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. ఇవాళ గంట పరుగెత్తిస్తే నెల తిరిగేసరికి రెండు గంటలకు సరిపడా దమ్ము సంపాదించుకుని కూచుంటుంది. దీన్ని కుదురుగా ఉంచేవి రెండు: బుర్రకు పని, పని అయ్యాక తీరుబడిగా పడుకోవడం. మొదటిది అది అడిగి మరీ తీసుకుంటుంది. రెండోది మనం నేర్పాలి.

ముందు దీని పుట్టుక సంగతి

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల కాపరులు తయారుచేసుకున్న జాతి ఇది. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్కను ఈ జాతికి మూలపురుషుడంటారు. ఆడమ్ టెల్ఫర్ దగ్గర పుట్టిన ఆ కుక్క మొరగకుండా, కరవకుండా, కేవలం చూపుతో గొర్రెలను కదిలించేదట. అది నచ్చి చుట్టుపక్కల కాపరులంతా దానితో పిల్లలు పెట్టించుకున్నారు. 1906లో అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ ఏర్పడింది. అప్పటినుంచి వంశావళి రాసుకుంటూ, పోటీలు పెట్టి, పనిలో మేటివాటినే ఎంచుకుంటూ వచ్చారు. చెవులు నిలబడ్డాయా వాలాయా అన్నది వాళ్లకు పట్టలేదు.

మన దగ్గర దక్కనీ గొర్రెలు మేపే కురుమ, గొల్ల కాపరుల వెంట ఉండే కుక్కల పని వేరు. తోడేలో దొంగో వస్తే మొరిగి లేపడం, రాత్రిళ్లు మందకు కాపలా ఉండటం వాటి వంతు. మందను తోలేది కాపరి కర్ర, అదిలింపు. కోలీ కాపలా కుక్క కాదు, తోలే కుక్క. వేటలో ఉండే మెట్లన్నీ, అంటే గురిచూడటం, నక్కి నక్కి దగ్గరికి పోవడం, చుట్టుముట్టడం, తరమడం, దీనిలో అలాగే ఉన్నాయి. చంపడం ఒక్కటి తీసేశారు. మీ హాల్లో అటూ ఇటూ పరుగెత్తే మూడేళ్ల పిల్లాడు దాని కంటికి మందలోంచి తప్పిపోతున్న గొర్రె. ఇది గుర్తుంటే మిగతా సంగతులన్నీ సులువుగా అర్థమవుతాయి.

1. తెచ్చేముందు గడియారం చూసుకోండి

ఇంట్లో అందరూ ఉదయం 9కి వెళ్లి రాత్రి 8కి వచ్చేవాళ్లైతే ఈ జాతి వద్దు. నిర్మొహమాటంగా చెప్తున్నాను. ఇల్లు చిన్నదా పెద్దదా అన్నది ఆ తర్వాతి మాట. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో హాయిగా ఉన్న కోలీలున్నాయి. పెద్ద కాంపౌండు ఉన్నా పలకరించే దిక్కులేక, గోడవారగా తిరిగి తిరిగి గడ్డిలో బాట పడేసిన కోలీలూ ఉన్నాయి.

"పిల్లలు అడుగుతున్నారండీ" అని తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. పిల్లల ఉత్సాహం మొదటి పరీక్షలదాకా ఉంటుంది. తెల్లవారుజామున 5 గంటలకు లేచి బయటికి తీసుకెళ్లే పెద్దమనిషి ఎవరో ముందే తేల్చుకోండి. ఆ మనిషి పేరు వెంటనే తట్టకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి.

కొనేటప్పుడు 8 వారాలు నిండని పిల్లను తీసుకోకండి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్నపిల్లను అమ్మకూడదు కూడా. తల్లిని చూపించమని అడగండి. తల్లి కొత్తవాళ్లను చూసి వణుకుతుంటే, ఎంత ముద్దుగా ఉన్నా పిల్లను వదిలేసి రండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, కళ్ల పరీక్షలు ఉన్నాయేమో కనుక్కోండి. ఈ జాతిలో తుంటి కీలు సరిగా కూర్చోకపోవడం, పుట్టుకతో వచ్చే కంటిజబ్బు, మూర్ఛ ఉన్నాయి. నీలికళ్లు, బూడిదరంగు మీద చెల్లాచెదురు మచ్చలుండే మెర్ల్ పిల్లలకు ఎక్కువ రేటు చెప్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ మెర్లే అయితే పుట్టే పిల్లల్లో కొన్నిటికి చెవుడు, కొన్నిటికి గుడ్డితనం వస్తాయి. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు, మనమే అడగాలి.

ఇంకొకరు పెంచలేక వదిలేస్తున్న రెండు మూడేళ్ల కుక్కను తెచ్చుకోవడం కూడా మంచి దారే. దాని గుణం అప్పటికే బయటపడి ఉంటుంది, దాచడానికేమీ ఉండదు.

2. మొదటి వారాల్లో: ఒకే మాట, ఒక మూల

పిల్ల ఇంటికొచ్చేలోపు ఒక కాగితం మీద మాటలు రాసి ఫ్రిజ్‌కి అంటించండి. నాన్న "సిట్" అని, అమ్మ "కూచో" అని, నాయనమ్మ "కూర్చోవే తల్లీ" అని అంటుంటే ఎంత తెలివైన కుక్కయినా తికమక పడుతుంది. తెలుగైనా ఇంగ్లిషైనా ఫరవాలేదు, ఇంటిల్లిపాదికీ ఒకటే మాట ఉండాలి. మొదట్లో ఆరు చాలు: రా, కూచో, పడుకో, ఆగు, వదులు, ఇక చాలు. చివరిది మాత్రం మరిచిపోకండి. బ్రిటన్ కాపరులు మందను దొడ్లో పెట్టాక "దట్ల్ డూ" అంటారు. ఆ మాట వినగానే కుక్క గొర్రెల మీంచి చూపు తిప్పుకుని కాపరి దగ్గరికొచ్చేస్తుంది. మన ఇంట్లోనూ అలాంటి మాట ఒకటి ఉండాలి.

నాకు తెలిసిన ఒకింట్లో కోలీ అందరికన్నా పెద్దావిడ మాటే వింటుంది. ఆవిడ ఏ శిక్షణా ఇవ్వలేదు. ఆటయ్యాక రోజూ ఒకే గొంతుతో "ఇక చాలు నాన్నా" అని, చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోతుంది. తర్వాత ఎంత గునిసినా తిరిగి చూడదు. ఇంట్లో మిగతావాళ్లు "చాలు చాలు" అంటూనే ఇంకో రెండుసార్లు బంతి విసురుతారు. కుక్కకు ఎవరి మాటకు విలువుందో తెలియదా?

పిల్లకు ఇంట్లో నలుగురూ తొక్కని ఒక మూల ఇవ్వండి. బోనులాంటి క్రేట్ అయినా సరే, మడత కంచె అయినా సరే. అందులో ఉన్నప్పుడు పిల్లలెవరూ కదపకూడదు. కుక్కపిల్లలు రోజుకు 16 నుంచి 18 గంటలు నిద్రపోవాలి. నిద్ర చాలని కోలీపిల్ల అతిగా అలిసిన పసిపిల్లాడే. ఊరికే గెంతుతుంది, కొరుకుతుంది, పిలిస్తే వినదు. అది చూసి "అబ్బో, ఎంత ఎనర్జీనో" అనుకుని ఇంకాస్త ఆడిస్తే పరిస్థితి మరీ ముదురుతుంది.

నాలుగు నెలల వయసు లోపల లోకాన్ని చూపించాలి. కుక్కర్ విజిల్, మిక్సీ, గుడి మైకు, చెత్త బండి పాట, డప్పులు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, చేతికర్రతో నడిచే తాతయ్య. టీకాలు పూర్తికాకముందు రోడ్డు మీద దించకండి. చంకనేసుకుని గేటు దగ్గర నిలబడితే చాలు. శబ్దం వినిపించినప్పుడల్లా చిన్న తిండి ముక్క నోట్లో పెట్టండి. ఈ జాతికి వినికిడి చురుకు ఎక్కువ, శబ్దాలకు బెదిరే గుణమూ ఎక్కువే. చిన్నప్పుడు చేసిన ఈ పని దీపావళికి అక్కరకొస్తుంది.

3. రోజును ముక్కలు చేయండి

పెద్దకుక్కకు రోజు మొత్తంలో ఒకటిన్నర నుంచి రెండు గంటల వ్యాయామం కావాలి. దాన్ని ఒకేసారి ఇవ్వక్కర్లేదు. ఉదయం నడక, మధ్యలో పది పది నిమిషాల బుర్రపని రెండు మూడుసార్లు, సాయంత్రం కాస్త ఆట, మిగతాదంతా విశ్రాంతి.

నడక అంటే మనతోపాటు చకచకా నడిచెయ్యడం ఒక్కటే అనుకోకండి. సగం సమయం దాని ముక్కుకే వదిలేయండి. ఒక్కో స్తంభం దగ్గర ఎంతసేపు ఆగి వాసన చూస్తానంటే అంతసేపు ఆగండి. అరగంట వాసన చూసిన కుక్క గంట పరుగెత్తినదానికన్నా ప్రశాంతంగా ఇంటికొస్తుంది.

ఏడాది నిండనివ్వండి, అప్పటిదాకా మనిషి పక్కన జాగింగ్, సైకిల్ వెంట పరుగు, ఎత్తునుంచి దూకించడం వద్దు. ఎముకల కొసలు ఇంకా ముదరవు. గాల్లో తిరిగి ఫ్రిస్బీ అందుకోవడం చూడ్డానికి బావుంటుంది, కీళ్లకు బావుండదు.

ఇక బుర్రపని. సులువైనదానితో మొదలుపెట్టండి. పూటకు పెట్టే తిండిలో సగం తీసి పాత తువ్వాలులో చుట్టి ఇవ్వండి, ఆన్‌లైన్ ఆర్డర్లకొచ్చిన అట్టపెట్టెల్లో కాగితం ఉండలతోపాటు దాచండి, బాల్కనీలో గడ్డి ఉంటే అందులో చల్లండి. గిన్నెలో పోస్తే రెండు నిమిషాల్లో అయిపోయే తిండి ఇలా పావుగంట పని అవుతుంది. అట్టపెట్టె చింపి పోగులు పెడుతుంది. పెట్టనివ్వండి, తర్వాత ఊడ్చుకోవచ్చు.

తర్వాత వస్తువుల పేర్లు నేర్పండి. అమెరికాలో దక్షిణ కరొలైనాలో జాన్ పిల్లీ అనే రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్ తన బోర్డర్ కోలీ చేజర్‌కి 1,022 బొమ్మల పేర్లు నేర్పించాడు. ఆ పరిశోధన 2011లో అచ్చయింది. మనకు అన్ని అక్కర్లేదు, ఐదారు వస్తే ఇల్లు సరదాగా ఉంటుంది. ఒకే బొమ్మ తీసుకోండి, కోతిబొమ్మ అనుకుందాం. చేత్తో పట్టుకుని "కోతి" అనండి. ముక్కు తాకించగానే ముక్క ఇవ్వండి. నాలుగైదుసార్లయ్యాక కిందపెట్టి "కోతి" అనండి. తెచ్చి ఇస్తే మెచ్చుకోండి. అది గట్టిపడ్డాకే రెండో బొమ్మ, "బంతి"ని, ఇదే వరసలో విడిగా నేర్పండి. రెండూ విడివిడిగా వచ్చాకే పక్కపక్కన పెట్టి అడగండి. తప్పుది తెస్తే కోప్పడకండి. మాట్లాడకుండా తీసుకుని మళ్లీ అడగండి. ఐదు నిమిషాలకు ఆపెయ్యండి. అది ఇంకా చేస్తానంటున్నప్పుడే ఆపాలి, విసుగొచ్చాక కాదు.

బంతి విసరడం గురించి ఒక హెచ్చరిక. పది నిమిషాలకు మించి, అదే పనిగా, రోజూ రెండుపూటలా బంతి విసిరితే కోలీకి అది వ్యసనమవుతుంది. కాలి దగ్గర బంతి పెట్టి, కళ్లు బంతికీ మీ చేతికీ మధ్య ఊగిసలాడిస్తూ, తిండి కూడా వద్దనే కుక్కల్ని చూశాను. విసరాలనుకుంటే ముందు కూచోబెట్టండి, విసిరాక ఆగమనండి, కొన్నిసార్లు మీరే వెళ్లి తెచ్చుకోండి, కొన్నిసార్లు గడ్డిలో దాచి వెతికించండి. అయిపోగానే "ఇక చాలు" అని బంతిని కంటికి కనపడకుండా బీరువాలో పెట్టేయండి. ఆట మొదలుపెట్టేదీ ఆపేదీ మీరే.

4. చాప మీద పడుకోవడం నేర్పండి

కోలీ ఉన్న ఇంట్లో ఒక్కటే పాఠం నేర్పే తీరిక ఉందంటే నేను దీన్నే ఎంచుకుంటాను. కొన్ని వారాలు పడుతుంది, తొందరపడకండి.

చిన్న చాపో, మడతపెట్టిన పాత దుప్పటో తీసుకోండి. పాఠమప్పుడే పరచాలి, తర్వాత తీసెయ్యాలి. ఇల్లు సద్దుమణిగిన వేళ, నడక, కాలకృత్యాలు అయిపోయాక, చాప పరిచి పక్కన కూచోండి. ఏమీ చెప్పకండి. కుక్క కుతూహలంగా కాలు పెట్టగానే చాప మీదే ఒక ముక్క పెట్టండి. ముక్క చేత్తో నోటికివ్వడం కాదు, చాప మీదే పెట్టాలి. తిండి పుట్టేది ఆ చోటేనని దానికి అర్థమవ్వాలి. నాలుగు కాళ్లూ పెట్టినప్పుడు, తర్వాత కూచున్నప్పుడు, ఆ తర్వాత పడుకున్నప్పుడు మాత్రమే ఇస్తూ పోండి.

పడుకున్నాక అసలు పని మొదలు. ఈ జాతి పడుకున్నా స్ప్రింగులా ఉంటుంది. ముంగాళ్లు చాచి, వెనక కాళ్లు కడుపుకింద ముడిచి, చెవులు నిక్కబొడుచుకుని, "తర్వాతేంటి?" అని మీ ముఖంలోకే చూస్తుంది. దానికి ముక్క ఇస్తే ఆ బిగువుకే బహుమతి ఇచ్చినట్టు. తుంటి ఒక పక్కకు వాల్చేదాకా ఆగండి. వాల్చిందా, మెల్లిగా ఒక ముక్క. తల కిందికి ఆనించిందా, ఇంకొకటి. నిట్టూర్చిందా, మీరు గెలిచారు. గట్టిగా "వెరీ గుడ్!" అనకండి, లేచి నిలబడుతుంది. గుసగుసగా, చేయి నెమ్మదిగా కదుపుతూ ఇవ్వండి.

ముక్కకీ ముక్కకీ మధ్య వ్యవధి రోజురోజుకీ పెంచండి. మధ్యలో లేచి వెళ్లిపోతే పిలవకండి, చాప దగ్గరే కూచోండి, తిరిగొస్తుంది. పది నిమిషాలు నిలకడగా ఉన్నాక దానికో పేరు పెట్టండి, "చాప" అంటే సరిపోతుంది. అప్పుడు కష్టం పెంచండి: మీరు లేచి నిలబడటం, వంటింట్లోకి వెళ్లి రావడం, ఇంటిల్లిపాదీ భోజనానికి కూచోవడం, కాలింగ్ బెల్ మోగడం, చివరగా పిల్లలు హాల్లో పరుగెత్తడం. ఈ చివరి మెట్టుకు చేరడానికి చాలా రోజులు పట్టినా ఫరవాలేదు. ఆర్నెల్ల తర్వాత బంధువుల ఇంటికి ఆ చాప చంకలో పెట్టుకుని వెళ్తే, పరిచిన చోటే పడుకుంటుంది.

5. పిల్లల్ని, బండ్లని తోలకుండా

ఆరో నెలనుంచి ఏడాదిన్నరలోపు ఒక రోజు అకస్మాత్తుగా మొదలవుతుంది. అప్పటిదాకా ఆడుకున్న పిల్లాడి వెనక పడి పిక్క పడుతుంది, లేదంటే పక్కింటి స్కూటర్ వెనక దూసుకుపోతుంది. కోపంతో చేసేది కాదు. మొండి గొర్రెను అది అలాగే కదిలిస్తుంది. కానీ రోడ్డు మీద దానికీ ప్రమాదమే, బండి మీదున్నవాళ్లకీ ప్రమాదమే.

దూకాక ఆపడం కష్టం. దూకేముందు క్షణాన్ని పట్టుకోవాలి. ఎలా గుర్తుపట్టాలంటే: తల భుజాల కన్నా కిందికి దిగుతుంది, నోరు మూసుకుంటుంది, తోక కిందికి వాలుతుంది, ఒక ముంగాలు గాల్లో ఆగిపోతుంది, కళ్లు ఒకేచోట నిలిచిపోతాయి. ఆ భంగిమ మొదలవుతుండగానే పేరు పెట్టి పిలవండి. మీవైపు తిరిగితే నోట్లో మంచి ముక్క. తిరగలేదంటే అప్పటికే చూపు పూర్తిగా తగులుకుంది. అరవకండి, కొట్టకండి, లీష్ పట్టుకుని దూరంగా నడవండి. దూరమే మందు. బండ్లు చీమల్లా కనపడేంత దూరంలో మైదానం చివర కూచుని, ఒక్కో బండి పోయినప్పుడల్లా మీవైపు చూస్తే ముక్క ఇస్తూ, వారాల తరబడి దగ్గరికి జరగండి. పిలిస్తే రావడం గట్టిపడేదాకా బయట లీష్ విప్పొద్దు. ఖాళీ స్థలంలో 10 మీటర్ల పొడుగు తాడు కట్టి వదలండి, స్వేచ్ఛా ఉంటుంది, పట్టూ ఉంటుంది.

పిల్లలకు నేర్పాల్సింది ఇంతే: కుక్క వెంటపడితే పరుగెత్తొద్దు, కేకలు పెట్టొద్దు, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడు. కదలని గొర్రెతో దానికి పనిలేదు. ఐదేళ్లలోపు పిల్లలతో కుక్కను ఒంటరిగా గదిలో వదలకండి. ఎంత మంచి కుక్కయినా సరే, ఈ మాటకు మినహాయింపు లేదు. పుట్టినరోజు పార్టీలాంటి హడావుడిలో కోలీని తన మూలలో, నాకడానికి ఏదైనా ఇచ్చి, తలుపు మూసి ఉంచడమే మర్యాద.

వీధికుక్కల సంగతి కాస్త వేరు. కళ్లప్పగించి చూడటం మన కోలీకి పని, వీధికుక్కలకు కయ్యానికి పిలుపు. ఎదురైనప్పుడు దాని చూపు అటు నిలవకుండా మీరు మధ్యలోకొచ్చి, పక్కకు తిప్పి నడిపించేయండి.

నీడలూ వెలుగులూ మరో ముప్పు. స్టీలు కంచం మీంచి ఎండ గోడకు తగిలి కదులుతుంటే ఎగిరెగిరి పట్టుకోబోతుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, మర్నాడు కావాలనే కంచం తిప్పుతారు, ఇంకొకరు లేజర్ లైటు కొనుక్కొస్తారు. ఆ నవ్వు అక్కడితో ఆపేయండి. పట్టుకోవడానికి దొరకని వస్తువును తరమడం ఈ జాతిలో త్వరగా పిచ్చిగా మారుతుంది. వెలుగు లేనప్పుడు కూడా గోడకేసి చూస్తూ గంటలు గడుపుతాయి. లేజర్ లైటు ఇంట్లో పెట్టొద్దు. ఎండ పడే వేళకు కర్టెన్ లాగి, వేరే పని చెప్పండి. అప్పటికే ముదిరితే పశువైద్యుడికి చూపించండి, అది అల్లరి కాదు, జబ్బు.

6. మన ఎండలు

చల్లటి వానకొండల్లో పుట్టిన జాతిని 44 డిగ్రీల ఊళ్లో పెంచుతున్నామన్నది మార్చి నుంచి జూన్ దాకా రోజూ గుర్తుండాలి. నడక తెల్లవారుజామున 6 లోపు, మళ్లీ రాత్రి 8 దాటాక. రాత్రయినా తారురోడ్డు వేడి దిగదు. చేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. పగలంతా బుర్రపనితో గడిపేయండి. చల్లటి గచ్చు, ఏసీ లేదా కూలరు, మంచులో గడ్డకట్టించిన మజ్జిగ బిళ్లలు. మనిషికి ఫ్యాన్ గాలి చెమటను ఆరబెట్టి చల్లబరుస్తుంది. కుక్కకు ఒంటి మీద చెమట లేదు కాబట్టి ఉత్త ఫ్యాన్ అంతగా పనిచేయదు, కడుపు, పాదాలు తడిపి ఫ్యాన్ కింద ఉంచితే పనిచేస్తుంది.

వేరే కుక్కలు అలిసిపోతే చతికిలబడతాయి. కోలీ పని చెప్తే పడిపోయేదాకా చేస్తుంది. అందుకే ఆపే బాధ్యత మీది. నాలుక పొడుగ్గా సాగి కొస వెడల్పుగా అయిందంటే ఆట ముగించండి. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రబడటం, తూలడం, వాంతి కనిపిస్తే వడదెబ్బ. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, 104 దాటితే ఆలస్యం చేయకూడదు. నీడకు చేర్చి, కుళాయి నీళ్లు ఒంటినిండా పోస్తూ, గాలి తగిలేలా చూసి, ముందు చల్లబరిచి ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది.

ఈ జాతిలో కొన్నిటికి గట్టిగా ఆడిన పది పదిహేను నిమిషాలకు వెనక కాళ్లు తడబడి, మత్తులో ఉన్నట్టయి, కాసేపటికి మామూలవుతాయి. చల్లటి రోజుల్లో కూడా అలా కనిపిస్తే వీడియో తీసి డాక్టరుకు చూపించండి.

ఎండలు వచ్చాయి కదా అని బొచ్చు నున్నగా గొరిగించొద్దు. పైబొచ్చు ఎండను ఆపుతుంది, గొరిగితే చర్మం నేరుగా కాలుతుంది, తిరిగి సరిగా మొలవకపోవచ్చు కూడా. వారానికి రెండు మూడుసార్లు దువ్వి లోపలి మెత్తటి ఉన్ని తీసేయడమే దారి. చెవుల వెనక, తొడల వెనక, చంకల్లో చిక్కులు పడతాయి. రాలే కాలంలో సోఫా, దిండు, పప్పుగిన్నె తేడా లేకుండా వెంట్రుకలుంటాయి. ఆ విషయంలో రాజీపడాల్సిందే.

7. తిండి

పెద్దయ్యాక 14 నుంచి 20 కిలోలు ఉండే కుక్క ఇది. పక్కటెముకలు వేళ్లతో తడిమితే తగలాలి, కంటికి మరీ కనపడకూడదు. పెరుగన్నం మీదే పెంచితే మాంసకృత్తులు చాలవు. కోడిమాంసం, గుడ్డు, అన్నం, గుమ్మడి లాంటి కూరగాయలు కలిపి వండిపెట్టొచ్చు, కొలత మాత్రం డాక్టరుతో రాయించుకోండి. శాకాహారుల ఇంట్లో అన్ని పోషకాలూ ఉండే రెడీమేడ్ తిండి పెట్టడం తేలిక. శిక్షణలో ఇచ్చే ముక్కలన్నీ ఆ రోజు తిండిలోంచే తీసినవై ఉండాలి.

పరమాన్నంలో కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రసాదమని పెట్టకండి. సాంబారులో ఉల్లిపాయ, కూరల్లో వెల్లుల్లి, చాక్లెట్, ఉడికించిన కోడి ఎముకలు, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్, ఇవన్నీ నిషిద్ధం. చుట్టాలొచ్చినప్పుడు ఈ జాబితా వాళ్లకు నవ్వుతూనే, గట్టిగా చెప్పండి.

8. మందుల దగ్గర ఒక ప్రత్యేక జాగ్రత్త

ఆరు నుంచి 8 వారాల మధ్య టీకాలు మొదలుపెట్టి, 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా 3 నెలలు నిండాక, ఆపైన డాక్టరు చెప్పిన గడువుకు. నట్టల మందు, మున్సిపల్ లైసెన్సు ఎలాగూ ఉంటాయి.

కోలీ కుటుంబపు కుక్కల్లో కొన్నిటికి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. అది ఉన్న కుక్కలకు కొన్ని మందులు మెదడులోకి చొరబడి, తూలడం, స్పృహ తప్పడం, ప్రాణం పోవడం దాకా తెస్తాయి. రఫ్ కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ అనే జాతుల్లో ఈ లోపం చాలా ఎక్కువ. బోర్డర్ కోలీలో తక్కువే, కానీ ఉంది. గజ్జికి, పిడుదులకు వాడే ఐవర్‌మెక్టిన్ పెద్ద మోతాదులో ఇస్తే వీటికి ప్రమాదం. పశువుల కోసం కొట్టులో అమ్మే ఇంజక్షన్‌ను ఎవరో చెప్పారని కుక్కకు పొడిపించొద్దు. కుక్కకు మోషన్స్ పట్టుకున్నాయని మనం వేసుకునే లోపరమైడ్ మాత్ర ఇవ్వడం కూడా ఇందులోకే వస్తుంది. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇది కోలీ జాతి అని మీరే ముందు చెప్పండి.

పిడుదులను, కొన్నిచోట్ల గోమార్లంటారు, రోజూ దువ్వేటప్పుడు వేళ్ల సందుల్లో, చెవుల్లో వెతకండి. అవి తెచ్చే జ్వరంలో కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, నీరసపడుతుంది. చురుకైన కోలీ బంతిని చూసి కూడా లేవలేదంటే, రేపు చూద్దాం అనుకోకండి, రక్తపరీక్ష చేయించండి.

9. పండగలు, ప్రయాణాలు

దీపావళికి సాయంత్రం 5 లోపే నడక, తిండి ముగించి, ఇంట్లో లోపలి గదిలో కిటికీలు మూసి, టీవీ పెట్టి, ఒక మనిషి తోడుండాలి. మంచం కింద దూరితే లాగొద్దు. ప్రతి ఏడూ వణికిపోతుంటే నెల ముందే డాక్టరును కలవండి, ఆ రాత్రికి ఇచ్చే మందులున్నాయి. మెడకు పేరు, ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ఉండాలి, బెదిరి పారిపోయిన కోలీ చాలా దూరం పోగలదు.

ఊరెళ్తూ ఎవరి దగ్గరైనా వదిలితే, ఒక కాగితం రాసివ్వండి. డాక్టరు నంబరు, ఫ్రిజ్ మీదున్న ఆరు మాటలు, పెట్టకూడని తిండి, తిండి కొలత, చాప ఎక్కడ పరచాలో, బంతి ఎక్కడ దాచాలో. లీష్ విప్పొద్దని ఎర్రసిరాతో రాయండి. కొత్తచోట మొదటి రెండు రోజులు గేటు తీసిన ప్రతిసారీ ముందు తలుపు మూసి ఉందో లేదో చూడమనండి.